ఉచ్చు వేసినవాడికే శిక్షా?

నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టాయంటే దొరవారిసత్రం రైతుల మొహాన కళ వస్తుంది. పక్షుల రెట్ట కలిసిన చెరువునీళ్లు పైరుకు ఎరువే గదా! 1976లో ప్రభుత్వం దాన్ని పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించకముందే ఊరివాళ్లు పక్షుల జోలికి ఎవర్నీ రానిచ్చేవాళ్లు కాదు.

అయితే మేతకోసం పక్షి ఊరు దాటాలి. పులికాట్ సరస్సుకు పోవాలి, చుట్టుపక్కల చెరువులకు పోవాలి. ఉచ్చులూ వలలూ కాచుకుని వుండేది అక్కడే. పట్టుబడేది ఎవరయ్యా అంటే, మేము చూసినంతలో ఎక్కువగా పూటగడవని యానాది కూలీ. శ్రీహరికోట అడవే ఆధారంగా బతికిన యానాదులు ఎందరో, 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం వచ్చాక ఆ ఆధారం పోగొట్టుకున్నారు. కోతలు లేని నెలల్లో కూలిపని దొరకదు. అప్పుడే దళారీ వచ్చి బయానా చేతిలో పెడతాడు. కూలీకి ముట్టేది చిల్లర, లాభమంతా దళారీకీ, మాంసం వండి అమ్మే హోటలుకీ.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సంరక్షణ కేంద్రంలో వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. 2022 సవరణతో జరిమానా కనీసం 25,000 రూపాయలైంది. యానాది కూలీ ఎక్కణ్నుంచి తెచ్చి కడతాడు? అడవిపక్షి మాంసం అమ్మినా కొన్నా కూడా నేరమేనని అదే చట్టం చెబుతోంది. మరి అధికారులు హోటళ్ల వంటిళ్లలోకి తొంగిచూడరేం?

పక్షి జాడ యానాదికి తెలిసినంతగా ఎవరికి తెలుసు! అక్టోబరు నుంచి మార్చి దాకా కాపలాపని వాళ్లకే ఇవ్వాలి, నెలనెలా కనీసవేతనం చొప్పున కూలి చెల్లించాలి. ఉచ్చు దొరికిన ప్రతి కేసులో సరుకు ఎవరికోసమో తేల్చి, ఆ పేరు కూడా ఎక్కించాలి.