'మామూలుగా' మాట్లాడటమంటే?

మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మ వరంగల్ నుంచి విజయవాడ వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి స్నేహితురాళ్ళు ఇంటికొస్తే, అమ్మ ఆప్యాయంగా "రాండ్రి బిడ్డా, కూసోండ్రి, ఏం తింటరు?" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. "మీ అమ్మమ్మ భలే సినిమాలోలాగా మాట్లాడుతోందే!" అంది ఒకమ్మాయి. వాళ్ళు వెళ్ళాక మా అమ్మాయి నా దగ్గరకొచ్చి, "అమ్మమ్మని నా ఫ్రెండ్స్ ముందు మామూలుగా మాట్లాడమని చెప్పమ్మా" అంది.

మామూలుగా! ఎవరి మామూలు?

పిల్లని అని ఏం లాభం చెప్పండి? 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కోట శ్రీనివాసరావు గారు కాశయ్యగా తెలంగాణ యాసలో మాట్లాడితే జనం నీరాజనాలు పట్టారు. ఆయన నటన గొప్పదే, కాదనను. కానీ ఆ తర్వాత ఎన్ని సినిమాల్లో రౌడీకీ, హాస్యగాడికీ అదే యాస! హీరోహీరోయిన్లకి మాత్రం కృష్ణా, గుంటూరు చదువుకున్నవాళ్ళ భాష. శ్రీకాకుళం మాట పనిమనిషికి. సీమ వాళ్ళకి 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక కొన్నేళ్ళు బాంబులూ, కత్తులే.

నేను మాత్రం తక్కువ తిన్నానా? పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తలో పుంటికూర అనబోయి నాలిక్కరుచుకుని గోంగూర అనేదాన్ని. పుట్టింటికి ఫోన్ చేయాలంటే డాబా మీదకెళ్ళేదాన్ని, పక్కింటివాళ్ళు వింటారని!

2017లో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ పిల్లగా సాయిపల్లవి ఆ యాసలోనే పోట్లాడింది, ప్రేమించింది, అలిగింది. (ఆమె తెలుగమ్మాయి కాకపోయినా సొంతగొంతుతో చెప్పుకుంది, అది వేరే ముచ్చట.) ఇక్కడి కాలేజీ పిల్లలు ఆ మాటల్ని అనుకరిస్తుంటే నాకు నవ్వూ, ఏడుపూ రెండూ వచ్చాయి. 2023లో 'బలగం' చూసి అమ్మ కళ్ళొత్తుకుంటూ "మనింట్ల మాట్లాడినట్టే ఉన్నది" అంది. నవ్వించడానికి కాకుండా ఏడవడానికి కూడా ఆ భాష పనికొస్తుందని తెరమీద చూడటానికి ఆవిడకి అన్నేళ్ళు పట్టింది.

ఆ రాత్రి నా కథల ఫైలు తీశాను. టీచర్లూ, డాక్టర్లూ, ఆఖరికి అత్తగార్లూ అందరిదీ పుస్తకాల భాషే. మా అమ్మ భాష మాట్లాడింది ఇద్దరే. ఒక వాచ్‌మన్, ఒక తాగుబోతు. రాసింది వరంగల్ ఆడపడుచే మరి!

ఇప్పుడో కథ మళ్ళీ రాస్తున్నాను. అందులో లెక్కల టీచరమ్మది మా ఊరి మాట. మా అమ్మాయి రెండు పేజీలు చదివి, "కామెడీ కథా అమ్మా?" అంది.

"కాదే, చదువు" అన్నాను. చదువుతోంది.