‘అక్కా.. ఇట్రా, కూర్చో’ అంటే మర్యాదా? చిన్నచూపా? మదనపల్లె, పుంగనూరు, కుప్పం బస్సుల్లో ఇప్పుడిదే చర్చ!

పుంగనూరు బస్టాండ్. సాయంత్రం మదనపల్లె వెళ్లే పల్లెవెలుగు బస్సు. లోపల కాలు పెట్టే చోటు లేదు. చంకలో ఒక బిడ్డ, చేత్తో పట్టుకున్న ఇంకో బిడ్డతో ఒకావిడ ఎక్కింది. ఇదివరకైతే ఎవరో ఒకరు లేచి ‘ఇట్రామ్మా, కూర్చో’ అనేవాళ్లు. ఇప్పుడూ కొందరు లేస్తున్నారు. కొందరు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వెనక సీట్లోంచి ఒక గొంతు.. ‘ఫ్రీ టికెట్టే కదా, నిలబడితే ఏమైతాది!’

ఈ ఒక్క మాట చుట్టూనే ఇప్పుడు పెద్ద చర్చ నడుస్తోంది. ఆడవాళ్లకు సీటివ్వడం, లైన్లో ముందుకు పంపడం, బరువైన సంచి అందుకోవడం.. ఇవన్నీ మన దగ్గర తరాలుగా ఉన్న మర్యాదలే. మరి ఈ రోజుల్లో ఆడవాళ్లు వీటిని కోరుకుంటున్నారా? మగవాళ్లు ఇవ్వడానికి రెడీగా ఉన్నారా?

ముందు బస్సు సంగతి చూద్దాం. 2025 ఆగస్టు 15న ఏపీలో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రానికి చెందిన మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు గుర్తింపు కార్డు చూపించి ఉచితంగా ప్రయాణించొచ్చు. కండక్టర్ జీరో టికెట్ కొడతారు. ఆ టికెట్ల లెక్క ప్రకారం ఆర్టీసీకి ప్రభుత్వం డబ్బు కడుతుంది. అంటే ఆ సీటుకు ఎవరూ డబ్బు కట్టలేదన్న మాట నిజం కాదు. కట్టేది వేరేవాళ్లు, అంతే. వెనక సీటాయనకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. మహిళలకు కేటాయించిన సీటు వేరు, మర్యాదతో ఇచ్చే సీటు వేరు. మొదటిది హక్కు. మహిళలు, పిల్లల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని రాజ్యాంగంలోని 15(3) అధికరణమే చెబుతోంది. ఆ సీట్లో కూర్చున్న మగాయన లేస్తే అది దయ కాదు, రూల్. రెండోది మాత్రం పూర్తిగా మనిషి మంచితనం. ఆర్టీసీ బస్సుల్లో ఏళ్లుగా కనిపించే రాతలో ఈ రెండూ కలిసిపోయాయి. స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం అంటూనే, వాళ్ల సీట్లలో వాళ్లనే కూర్చోనిద్దాం అంటుంది. హక్కును కూడా బతిమాలి అడగాల్సి వచ్చిందన్నమాట!

పక్క రాష్ట్రంలో కథ ఇంకోలా ఉంది. కర్ణాటకలో 2023 జూన్ 11న శక్తి పథకం పెట్టినప్పుడు, సాధారణ బస్సుల్లో సగం సీట్లు మగవాళ్లకు ఉంచాలని ముందే రాసుకున్నారు. మగవాళ్లకు రిజర్వేషన్ అంటే అప్పట్లో చాలామంది నవ్వుకున్నారు. రద్దీ బస్సులో నిలబడి ప్రయాణం చేసేవాళ్లకు అదేం నవ్వులాట కాదు.

‘అబల’ అన్న మాట మదనపల్లెదే!

ఈ చర్చకు మదనపల్లెలో వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. మార్గరెట్ కజిన్స్ పేరు వినగానే చాలామందికి గుర్తొచ్చేది జాతీయగీతం. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు జనగణమన బాణీని స్వరాల్లో రాసిపెట్టడంలో ఆమె పాత్ర ఉంది. కానీ అంతకుముందు కథ తక్కువమందికి తెలుసు. ఆమె ఐర్లండ్ మనిషి. ఆడవాళ్లకు ఓటు కావాలని కొట్లాడి జైలుకెళ్లొచ్చిన మనిషి. 1915లో ఇండియాకు వచ్చి, భర్త పనిచేసే మదనపల్లె కాలేజీ ఊళ్లోనే ఉన్నారు. అప్పట్లో ఇక్కడ ఒక మహిళా సంఘం ఉండేది. దాని పేరు ‘అబల అభివర్ధిని సమాజం’.

పేరు గమనించారా? అబల అంటే బలం లేనిది. ఆడవాళ్లను ముందుకు తీసుకెళ్లాలని పెట్టుకున్న సంఘానికే ఆ పేరు. ఆ తర్వాత 1917లో అడయారులో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది, దాని వెనక ఉన్నవాళ్లలో కజిన్స్ ఒకరు. అదే ఏడాది డిసెంబర్‌లో సరోజినీ నాయుడు ముందుండి, మహిళల బృందం మద్రాసులో మాంటేగును కలిసి ఓటు అడిగింది. 1921లో మద్రాసు ప్రెసిడెన్సీ ఇచ్చింది కూడా. మదనపల్లె అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనే ఉంది.

అప్పట్లో ఇంగ్లండ్‌లో ఓటును వ్యతిరేకించినవాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి భలే ఉంటుంది. రాజకీయాల్లోకి వస్తే ఆడవాళ్లకు మగవాళ్లు ఇచ్చే గౌరవం పోతుందట! ‘ఫ్రీ టికెట్ తీసుకున్నావు కాబట్టి సీటివ్వను’ అనేదానికీ, దీనికీ పెద్ద తేడా లేదు. హక్కు తీసుకుంటే మర్యాద వదులుకోవాలన్న బేరం ఇది.

1996లో పీటర్ గ్లిక్, సుసాన్ ఫిస్క్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఇలాంటిదానికే ఒక పేరు పెట్టారు. పైకి ప్రేమగా, లోపల ‘నువ్వు చేయలేవు’ అనే వివక్ష. మన సుప్రీంకోర్టు ముందుకూ ఇది వచ్చింది. మద్యం అమ్మే చోట ఆడవాళ్లు పనిచేయకూడదని పాత పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. ఆడవాళ్ల రక్షణ కోసమే అన్నారు. 2007లో అనుజ్ గార్గ్ కేసులో కోర్టు ఒప్పుకోలేదు. రక్షణ పేరుతో ఉద్యోగం లాక్కోవడం కుదరదు, భద్రంగా పనిచేసుకునే పరిస్థితి కల్పించడమే ప్రభుత్వం పని అని చెప్పింది.

అంటే సీటివ్వడం తప్పా? కానే కాదు. ‘రాత్రిపూట ఒంటరిగా వద్దులేమ్మా’ అనేదాంట్లో ప్రేమ ఉందా, తాళం ఉందా అన్నదే చూడాల్సింది. కుప్పంలో రోజూ తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లే ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లకు కావాల్సింది ఎవరో లేచి ఇచ్చే సీటు కంటే ముందు స్టేషన్ బయట వెలిగే లైటు, మహిళల పెట్టెలోకి మగవాళ్లు ఎక్కకపోవడం. ఆ పెట్టెలోకి మగవాళ్లు ఎక్కితే 1989 రైల్వే చట్టం 162వ సెక్షన్ కింద నేరం.

పిలుపు, బొట్టు.. అందరికీనా?

పిలుపు సంగతికొస్తే కుప్పం వాళ్లు అదృష్టవంతులు. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. అమ్మ, అక్క అనే మాటలు తెలుగు, తమిళం, కన్నడం మూడింట్లోనూ నడుస్తాయి. తెలియని మనిషిని ‘అక్కా’ అంటే ఎవరికీ తప్పుగా అనిపించదు. కాకపోతే బ్యాంకులో మేనేజర్ సీట్లో కూర్చున్నావిడను ‘అమ్మా’ అని, పక్కనున్న క్లర్కును ‘సార్’ అంటేనే తంటా. ఇక పాతికేళ్ల అమ్మాయిని ‘ఆంటీ’ అన్నారో.. ఆ తర్వాత మీ ఇష్టం!

ఇంటికొచ్చిన ఆడమనిషికి బొట్టు పెట్టి, పూలు, తాంబూలం ఇవ్వడం రాయలసీమలో పెద్ద మర్యాద. ఇప్పటికీ చాలామంది ఇష్టపడేది కూడా. అయితే అదే అరుగు మీద కూర్చున్న భర్త లేనావిడ ముందుకు ఆ పళ్లెం రాదు. పక్కనుంచి దాటిపోతుంది. మర్యాద అందుకున్నావిడ సంతోషం ఎంతో, దాటిపోయినప్పుడు ఆవిడకు కలిగే బాధ అంత. అందరికీ పెడుతున్న ఇళ్లు ఉన్నాయి. అక్కడ ఎవరూ స్పీచ్ ఇవ్వరు, పళ్లెం ఆపకుండా ముందుకు జరుపుతారంతే.

మర్యాదకు బట్టలతోనూ లెక్క ఉంది. ఇస్త్రీ చీరలో టీచరమ్మ ఎక్కితే నలుగురు లేస్తారు. మదనపల్లె టమాటా మార్కెట్లో పొద్దంతా కాయలు ఏరి, మరకల చీరతో ఎక్కిన కూలామెకు ఎంతమంది లేస్తారు? నిజానికి ఆ రోజు ఎక్కువసేపు నిలబడింది ఆమే.

ఈ మధ్య బస్సుల్లో ఇంకో సీన్ కూడా కనిపిస్తోంది. కాలేజీ బ్యాగు వేసుకున్న అమ్మాయి లేచి ‘తాతా, ఇక్కడ కూర్చో’ అంటుంది. పెద్దాయన ‘వద్దులేమ్మా, ఆడబిడ్డవు, నువ్వే కూర్చో’ అంటాడు. నువ్వంటే నువ్వని ఇద్దరూ నిలబడే ఉంటారు. ఈలోపు మూడో మనిషెవరో వచ్చి ఆ సీట్లో కూర్చుంటాడు.