కరెంటు మోసే ప్లాస్టిక్‌లు

ఇంట్లోని కరెంటు తీగను చూడండి. లోపల రాగి, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటాయి. రాగి విద్యుత్తును మోసుకుపోతుంది, ప్లాస్టిక్ దానిని మన చేతికి తగలకుండా ఆపుతుంది. లోహాలు విద్యుద్వాహకాలు, ప్లాస్టిక్‌లు విద్యుద్బంధకాలు అని మనమంతా బడిలో చదువుకున్నదే. అయితే లోహంలాగా విద్యుత్తును మోసే ప్లాస్టిక్‌లు కూడా ఉన్నాయి. వాటిని కనుగొని అభివృద్ధి చేసినందుకు 2000 సంవత్సరంలో ముగ్గురు శాస్త్రవేత్తలకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. "కెమిస్ట్రీ చదివితే ఏమొస్తుందండీ?" అని తల్లిదండ్రులు నన్ను తరచు అడుగుతుంటారు. ఈ ప్లాస్టిక్‌ల కథలో ఆ ప్రశ్నకు కొంత జవాబు ఉంది కనుక ఈ వ్యాసం రాస్తున్నాను.

ఎలా కనుగొన్నారు?

1967లో జపాన్‌లోని టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిడెకి షిరకావా ఎసిటిలీన్ వాయువు నుంచి పాలీఎసిటిలీన్ అనే పాలిమర్‌ను తయారు చేయిస్తున్నారు. మామూలుగా అది నల్లని పొడిగా వచ్చేది. ఒకసారి ఉత్ప్రేరకం వేయవలసిన దానికి వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. పొడికి బదులు వెండిలా మెరిసే పలుచని పొర ఏర్పడింది. షిరకావా దానిని పారవేయలేదు. ఎందుకలా వచ్చిందో పరిశీలించి, కావాలన్నప్పుడు ఆ పొరను తయారు చేసే పద్ధతి నేర్చుకున్నారు.

1975లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి అలన్ మెక్‌డయర్మిడ్ టోక్యో వచ్చి ఆ పొరను చూశారు. షిరకావాను తమ ప్రయోగశాలకు ఆహ్వానించారు. అక్కడ భౌతిక శాస్త్రవేత్త అలన్ హీగర్ వారితో కలిశారు. 1976 నవంబరు 23న ఆ పొరకు బ్రోమిన్ ఆవిరి తగిలించగా దాని వాహకత కోటి రెట్లు పెరిగింది. 1977లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి.

ప్లాస్టిక్‌లో కరెంటు ఎలా పారుతుంది?

మనం వాడే పాలిథిన్ సంచిలో ప్రతి కార్బన్ పరమాణువు తన నాలుగు ఎలక్ట్రాన్లతోనూ గట్టి బంధాలు ఏర్పరచుకుంటుంది. కదలడానికి ఎలక్ట్రాన్ మిగలదు. పాలీఎసిటిలీన్ గొలుసులో ఒక ఏకబంధం, ఒక ద్విబంధం, మళ్ళీ ఏకబంధం, ఇలా ఏకాంతరంగా ఉంటాయి. ఇందులో ప్రతి కార్బన్ దగ్గర ఒక ఎలక్ట్రాన్ కాస్త వదులుగా ఉంటుంది. అయినా అంతటితో కరెంటు బాగా పారదు.

సభలో ఒక వరుస కుర్చీలన్నీ నిండి ఉన్నాయనుకోండి. ఎవరూ పక్కకు జరగలేరు. చివర ఒకరు లేచి వెళితే పక్కవారు ఆ కుర్చీలోకి, వారి పక్కవారు ఈ కుర్చీలోకి జరగవచ్చు. ఖాళీ ఈ కొస నుంచి ఆ కొసకు ప్రయాణిస్తుంది. బ్రోమిన్, అయొడిన్ చేసే పని ఇదే. అవి గొలుసు నుంచి కొన్ని ఎలక్ట్రాన్లను లాక్కుంటాయి. మిగిలినవి కదలడానికి చోటు దొరుకుతుంది. దీనినే డోపింగ్ అంటారు.

ఎక్కడ ఉపయోగపడుతున్నాయి?

పాలీఎసిటిలీన్ గాలి తగిలితే చెడిపోతుంది. అందువల్ల అది ప్రయోగశాల దాటి పెద్దగా బయటకు రాలేదు. దాని దారిలో వచ్చిన పాలీఅనిలిన్, పాలీపైరోల్, పెడాట్ వంటివి పనికి వచ్చాయి. పెడాట్‌ను 1980ల చివరలో జర్మనీలోని బేయర్ కంపెనీ రూపొందించింది. ఫోటో ఫిల్ముపై స్థిర విద్యుత్తు చేరి బొమ్మ పాడవకుండా దాన్ని పలుచని పూతగా వేశారు. కంప్యూటర్ల బోర్డులపై ఉండే కొన్ని రకాల కెపాసిటర్లలోనూ ఇది వాడుకలో ఉంది. ఇనుము తుప్పు పట్టకుండా వేసే పూతల్లో పాలీఅనిలిన్‌ను కలుపుతారు.

ఏకాంతర బంధాలున్న పాలిమర్ చేత వెలుగు ఇప్పించవచ్చని 1990లో కేంబ్రిడ్జి పరిశోధకులు చూపారు. నేటి ఓఎల్ఈడీ ఫోన్ తెరలలో ఎక్కువగా చిన్న కర్బన అణువులనే వాడుతున్నా, వాటిలోనూ ఏకాంతర బంధాలదే ముఖ్యపాత్ర. మెదడులో, నరాలలో అమర్చే ఎలక్ట్రోడ్లకు మెత్తని పెడాట్ పూత వేయడంపై పరిశోధనలు జరుగుతున్నాయి.

ఇవి రాగి తీగకు సాటి రావని కూడా చెప్పాలి. మన ఇంటి వైరింగుకు రాగి, అల్యూమినియమే కావాలి. తేలికగా, పలుచగా, వంగేదిగా ఉండవలసిన చోట, సిరాలాగా పూయవలసిన చోట ఈ పాలిమర్ల అవసరం వస్తుంది.

విద్యార్థులకు, తల్లిదండ్రులకు

పాలీఅనిలిన్‌ను డిగ్రీ కాలేజీ ప్రయోగశాలలో కూడా అధ్యాపకుల పర్యవేక్షణలో తయారు చేయవచ్చు. ఆమ్లంలో పచ్చగా ఉండి కరెంటును మోస్తుంది. క్షారం తగిలితే నీలంగా మారి మోయడం మానేస్తుంది. రంగు మారడం వెనుక ఇంత సంగతి ఉందని కళ్ళారా చూసిన విద్యార్థికి ఆ పాఠం బట్టీ పట్టవలసిన పని ఉండదు.

ఇంజనీరింగు, మెడిసిన్ సీటు రాలేదని బి.ఎస్సీ.లో చేరిన పిల్లలు తమను తాము తక్కువ చేసుకోవడం నేను చూస్తుంటాను. దయచేసి అలా అనుకోకండి, అనకండి. పుణే, తిరుపతి, బరంపురాలలోని ఐసర్‌లు, భువనేశ్వర్‌లోని నైసర్, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, కారైక్కుడిలోని కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ మనం స్థిరపడిన ఊళ్ళకు మరీ దూరం కావు. వాటిలో ప్రవేశానికి ఏ పరీక్ష రాయాలో ముందుగానే తెలుసుకోండి.

ఒక మాట గుర్తుంచుకోండి. షిరకావా, మెక్‌డయర్మిడ్ రసాయన శాస్త్రవేత్తలు, హీగర్ భౌతిక శాస్త్రవేత్త. ఒకరికి తెలియనిది మరొకరిని అడిగి తెలుసుకోబట్టే ఈ పని జరిగింది. కెమిస్ట్రీ తీసుకున్నవారు ఫిజిక్సును, లెక్కలను వదిలిపెట్టవద్దు. ప్రయోగంలో అనుకున్నది రాకపోతే పరీక్ష నాళికను కడిగేసే ముందు, వచ్చినదేమిటో ఒకసారి నోటుబుక్కులో రాసుకోండి.