పక్కన నిలబడండి

హైదరాబాద్‌లో తార్నాక చౌరస్తా ఉంది. ఒక దారి సికింద్రాబాద్ పోతుంది. ఒక దారి హబ్సిగూడ పోతుంది. దగ్గరలోనే ఉస్మానియా యూనివర్సిటీ. సాయంత్రం అయిందంటే బస్టాపు నిండా జనమే. కాలేజీ పిల్లలు, ఇళ్లలో పని చేసి వచ్చే అమ్మలు, కూరగాయల గంపలు.

అక్కడ ఒకడు ఒక ఆడపిల్లను ఏడిపిస్తున్నాడు అనుకోండి. ఆమె వెనక్కి జరుగుతుంది. వాడు ఇంకా మీదికి వస్తాడు. ముప్పై మంది చూస్తున్నారు. ఒక్కరూ పలకరు. ఆ పిల్ల ఇంట్లో కూడా చెప్పదు. చెబితే "రేపటి నుంచి చదువు వద్దు" అంటారని భయం.

చూసినవాళ్లు అందరూ చెడ్డవాళ్లా? కాదు. "ఇంతమంది ఉన్నరు, ఎవరో ఒకరు అడుగుతరులే" అని ఎవరికి వారు అనుకుంటారు.

అమెరికాలో లటానే, డార్లీ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి చూశారు. 1968లో ఆ సంగతి అచ్చయింది. మనుషులు కూర్చున్న గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో నూటికి 75 మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు కదలకుండా కూర్చుంటే పదిమందిలో ఒక్కరే చెప్పారు. చూశారా! పక్కవాళ్లు కదలకపోతే మనమూ కదలం. కాబట్టి మొదట ఎవరో ఒకరు కదలాలి.

ఉస్మానియాలో ఆడపిల్లలు అలా కదిలారు. 1974లో అక్కడి విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘం పెట్టుకున్నారు. ఆడపిల్లలను ఏడిపించడం మీద పోరాడారు. కట్నం మీద కూడా పోరాడారు.

మరి మనం ఏం చేయాలి? కొట్లాడనక్కరలేదు. వాడితో మాటే వద్దు. పిల్ల దగ్గరికి పోయి నిలబడండి. "ఏం బిడ్డా, ఎంతసేపయింది వచ్చి? లాలాపేట బస్సు పోయిందా? అమ్మ మంచిగున్నదా?" అని అడగండి. ఆమె మీకు తెలియకపోయినా సరే. పిల్లకు అర్థమవుతుంది. వాడికీ అర్థమవుతుంది. బస్టాపులో మాట కలపడం మన ఆడవాళ్లకు ఒకరు నేర్పాలా! బస్సు వచ్చేదాకా పక్కనే ఉండండి.

తోడు కావాలంటే "ఎవరైనా రండి" అనకండి. ఎవరూ రారు. "ఎర్రంగి తమ్ముడూ, జర ఇటు రా" అని ఒకరినే పిలవండి. బస్సులో అయితే కండక్టరుకు గట్టిగా చెప్పండి.

వాడు తాగి ఉన్నా, చేతిలో కత్తి ఉన్నా దగ్గరికి పోవద్దు. 100కు గానీ 112కు గానీ ఫోన్ చేయండి. "తార్నాక మెట్రో స్టేషన్ కింద" అని గుర్తు చెప్పండి. పోలీసుల్లో షీ టీములు ఉన్నాయి. హైదరాబాద్‌లో 2014లో మొదలయ్యాయి. మామూలు బట్టల్లో కూడా తిరుగుతారు.

వాడి బండి నంబరు రాసుకోండి. ఇప్పుడు మీకు అంకెలూ అక్షరాలూ వచ్చు కదా. పిల్ల ఫోటో మాత్రం తీసి ఎవరికీ పంపకండి.

ఫిర్యాదు ఇవ్వాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం. "నేను చూసిన బిడ్డా, అడిగితే చెప్త" అని ఒక మాట అనండి.

సాక్ష్యం అంటే స్టేషన్ చుట్టూ తిరగాలని చాలామందికి భయం. చట్టం అలా లేదు. సాక్షి ఆడమనిషి అయితే పోలీసులే ఆమె ఇంటికి వచ్చి అడగాలి. స్టేషనుకు రావాలని బలవంతం చేయకూడదు. విచారణలో ఆమె చెప్పింది పోలీసులు రాసుకుంటారు. దాని మీద ఆమె సంతకం తీసుకోకూడదు. ఫిర్యాదు సంగతి వేరు. దాని మీద ఫిర్యాదు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టాలి. పెట్టే ముందు పోలీసులు చదివి వినిపించాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. వాళ్లు చదివి వినిపించినా, కాగితం చేతికి తీసుకుని మీరూ ఒకసారి చదవండి.