చక్రములపై గృహప్రవేశము

మన జీవితములో రెండు కొనుగోళ్ళు పండుగలవలె జరుగును. ఇల్లు కట్టుకొన్నప్పుడు పాలు పొంగించి గృహప్రవేశము చేయుదుము. బండి కొన్నప్పుడు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, వాహనపూజ చేయుదుము. ఈ రెండును ఒకేనాడు ఒకే వస్తువునకు చేయవలసి వచ్చినచో ఎట్లుండును? అట్టి వస్తువు పాశ్చాత్యదేశములలో చాలకాలముగా ఉన్నది. దానిని వారు మోటారుహోమ్ అందురు. మన సినిమాతారలు షూటింగు చోట్ల విశ్రమించు క్యారవాను దీనికి దగ్గర చుట్టము. ఈ వ్యాసమున దానిని గృహశకటమని పిలుచుకొందము.

గృహశకటము ముందు భాగము మోటారుబండి. వెనుక భాగము ఇల్లు. పడక, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ళతొట్టి, స్నానపుగది, మరుగుదొడ్డి అన్నియు ఒక చిన్నగదియంత చోట అమరియుండును. అమెరికాలోని మన తెలుగు కుటుంబములు కొన్ని సెలవులలో దీనిని అద్దెకు తీసికొని, పిల్లలతో కొండలను, అడవులను చూచి వచ్చుచుండును. కాని బ్రిటనులోను, జర్మనీలోను, అమెరికాలోను దీనిని సొంతముగా కొనువారిలో పదవీవిరమణ పొందిన దంపతులు అనేకులు. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ములో పెద్దభాగము దీనిపై పెట్టుదురు. కావున క్రొత్త గృహశకటమును స్వాధీనము చేసికొను దినము వారికి సంతోషదినమే కాదు, పరీక్షాదినము కూడ. ఆ దినమునకు వారెట్లు సిద్ధపడుదురో, ఎట్లు సిద్ధపడవలెనో తెలిసికొన్నచో, కదలని ఇండ్లలో నివసించు మనకును కొంత పాఠము లభించును.

పూర్వకథ

ఇంటిని వెంట తీసికొని పోవలెనను కోరిక క్రొత్తది కాదు. 1830లో చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు డేరాలతో, బోయీలతో, పెద్ద పరివారముతో పోయి మరుసటి యేడు తిరిగివచ్చిరి. ఆ కాలమున ఇంటిని మోయుటకు మనుష్యులే కావలసి వచ్చిరి.

1885లో గార్డన్ స్టేబిల్స్ అను స్కాట్లండు రచయిత ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరమున ‘వాండరర్’ అను బండిని తన విహారము కొరకే కట్టించుకొనెను. ఆయన నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి విరమించి, బాలురకు సాహసకథలు వ్రాసినవాడు. ఆ బండిని రెండు గుర్రములు లాగెడివి. సేవకుడొకడు మూడుచక్రముల సైకిలుపై ముందుగా పోయి దారి బాగోగులు చూచెడివాడు. ఇక 1966లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున విన్నబేగో సంస్థ తన మొదటి మోటారుహోమును తయారుచేసినది. అటుపిమ్మట ఈ బండి ధనికుల ముచ్చటగా మాత్రమే మిగులక మధ్యతరగతివారికిని అందసాగెను.

ఈ నడుమ 1960లో జరిగిన సిద్ధపాటు ఒకటి సాహిత్యవిద్యార్థులు ప్రత్యేకముగా ఎరుగదగినది. అమెరికా నవలాకారుడు జాన్ స్టైన్‌బెక్ తన 58వ యేట, స్వదేశమును మరల కన్నులార చూడవలెనని తలచి, ఒక ట్రక్కుపై చిన్న పడవగదివంటి ఇల్లు కట్టించుకొనెను. దానికి డాన్ క్విక్సోట్ గుర్రము పేరైన ‘రోసినాంటే’ అని నామకరణము చేసెను. చార్లీ అను కుక్కను తోడుగా తీసికొని 1960 సెప్టెంబరులో న్యూయార్కు రాష్ట్రమునందలి సాగ్ హార్బరు నుండి బయలుదేరి, సుమారు 10,000 మైళ్ళు తిరిగివచ్చెను. ఆ యాత్రను ‘ట్రావెల్స్ విత్ చార్లీ’ అను గ్రంథముగా 1962లో ప్రకటించెను. ఆ యేడే ఆయనకు నోబెల్ బహుమతి లభించెను. రోసినాంటేను నేడు కాలిఫోర్నియాలోని సలీనాస్ పట్టణమున ఆయన స్మారక కేంద్రములో చూడవచ్చును.

ఆ గ్రంథములో ఆయన తన సిద్ధపాటును దాచక చెప్పినాడు. కావలసినదానికి నాలుగురెట్లు సామాను ఎక్కించితినని, ఎన్నడో చదువుదమని అనుకొనిన పుస్తకములే 150 పౌనులు, అనగా దాదాపు 68 కిలోలు, నింపితినని వ్రాసినాడు. ఉపాధ్యాయులమైన మనలో ఆ బలహీనత లేనివాడెవడు? గృహశకటమును గూర్చిన మొదటి పాఠము ఇచటనే మొదలగును.

బరువు లెక్క

ఐరోపాలో అమ్ముడగు గృహశకటములలో అధికభాగమునకు మొత్తము బరువు హద్దు 3,500 కిలోలు. బ్రిటనులో 1997 జనవరి 1 నాడుగాని, తరువాతగాని కారు పరీక్ష నెగ్గినవారు సాధారణముగా ఆ హద్దు దాటిన బండిని వేరొక పరీక్ష లేక నడపరాదు. బండితోపాటు వచ్చు పత్రములో ‘నడచుటకు సిద్ధమైన బరువు’ అని ఒక అంకె ఉండును. అందులో 75 కిలోల చోదకుడును, నూటికి తొంబదివంతులు నిండిన ఇంధనపు ట్యాంకును చేరియుండును. హద్దులోనుండి ఈ అంకెను తీసివేయగా మిగిలినదే మనము ఎక్కించుకొనదగిన సామాను.

ఉదాహరణకు ఒక బండి బరువు 3,060 కిలోలు అనుకొందము. మిగులు 440 కిలోలు. ఎంతో ఉన్నదని సంబరపడుదుము. ఇక లెక్కవేయుడు. ఇల్లాలు 70, ప్రక్కన చాచు తెరపందిరి 35, అదనపు బ్యాటరీ 25, సౌరఫలకము 15, రెండు సైకిళ్ళు, వాని చట్టము 50, తొట్టిలో నీరు 80 లీటర్లు, అనగా 80 కిలోలే, తిండి, గిన్నెలు 60, బట్టలు, పరుపులు 50, మడతకుర్చీలు, బల్ల 20. మొత్తము 405. మిగిలినది 35 కిలోలు మాత్రమే. స్టైన్‌బెక్ పుస్తకముల మూటకు చోటు లేదు.

కథ ఇంతటితో ముగియలేదు. పత్రములోని అంకెకును అసలు బండి బరువునకును నూటికి అయిదువంతుల తేడాను నిబంధనలు అనుమతించును. 3,060లో అయిదువంతులు 153. తేడా ఎక్కువవైపు పడినచో 35 కిలోల మిగులు పోయి 118 కిలోల లోటు వచ్చును. అందుచేత తెలిసినవారు పత్రమును నమ్మి ఊరకుండరు; సామాను నింపి లారీలు తూచు వేబ్రిడ్జిపై బండిని నిలిపి చూచుకొందురు. ముందు ఇరుసును, వెనుక ఇరుసును వేరువేరుగా కూడ తూచవలెను. ఏలయనగా, వెనుక చక్రములను దాటి వెలుపలికి పొడిచిన భాగములో పెట్టిన సామాను తులాదండమువలె పనిచేయును. ఇరుసుల నడుమ దూరము 4 మీటర్లు, సామాను వెనుక ఇరుసునకు 2 మీటర్లు వెనుక అనుకొందము. అచట 100 కిలోలు పెట్టినచో వెనుక ఇరుసుపై 150 కిలోలు పెరుగును. ముందు ఇరుసుపై 50 తగ్గును. భారము హెచ్చిన టైరు వేడెక్కి పగులుటయు, ముందు చక్రములు తేలికయై స్టీరింగు మాట వినకపోవుటయు ఇందువలననే. బడిలో నేర్చిన సూత్రము ఇక్కడ ప్రాణరక్షణ సూత్రమగును.

నిప్పు, నీరు, విద్యుత్తు

కదలని ఇంటిలో నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో, మురుగు ఎక్కడికి పోవుచున్నదో సాధారణముగా మనము చూడము. కొళాయి త్రిప్పుదుము, మీట నొక్కుదుము. గృహశకటములో ఇవి యన్నియు యజమాని చేతిలో ఉండును.

గ్యాసును చూడుడు. బ్యూటేను సున్నకు అరడిగ్రీ దిగువన మరగును; ప్రొపేను మైనస్ 42 డిగ్రీల వద్దనే మరగును. కాబట్టి మంచు పడు రాత్రి బ్యూటేను బండ నిండుగా ఉన్నను పొయ్యి వెలుగదు. చలిదేశములలో శీతకాలమునకు ప్రొపేను ఎన్నుకొనుట అందుచేతనే. ఈ రెండును గాలికంటె బరువైనవి. కారిన గ్యాసు నేలబారున చేరును. అది వెలుపలికి పోవుటకై బండి నేలలో రంధ్రములు ఉంచుదురు. ఆ సంగతి తెలియక, చలిగాలి వచ్చుచున్నదని వానిపై తివాచీ పరచినవాడు తన ఇంటిలో తానే ప్రమాదమును దాచుకొన్నవాడగును. పొయ్యి సరిగా మండనప్పుడు పుట్టు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. దానిని కనిపెట్టి మ్రోగు యంత్రము పనిచేయుచున్నదో లేదో మొదటినాడే చూడవలెను.

నీటి విషయము. పలు బండ్లలో వేడినీటి పాత్రకు ఒక కవాటము ఉండును. చలి గడ్డకట్టు స్థితికి చేరవచ్చుచుండగా అది తనంతట తెరచుకొని నీటినంతయు నేలపాలు చేయును. పాత్ర పగిలిపోకుండ కాపాడుటకే ఆ ఏర్పాటు. ముందుగా తెలియనివాడు తొట్టి చిల్లుపడినదని కంగారుపడును.

విద్యుత్తు విషయము. ఇంజనునకు ఒక బ్యాటరీ, ఇంటికి వేరొక బ్యాటరీ ఉండును. ఇంటి బ్యాటరీ 12 వోల్టులు, 100 ఆంపియర్ గంటలు అనుకొందము. సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడుట మంచిది కాదు. అనగా దక్కునది 600 వాట్ గంటలు. 2,000 వాట్ల కెటిలు దానిని 18 నిమిషములలో హరించును. కావున బ్యాటరీపై బ్రతుకునప్పుడు కాఫీనీళ్ళు గ్యాసుపైననే కాచుకొందురు.

స్వాధీనదినము

క్రొత్త వస్తువులో లోపములుండునా అని అడుగవచ్చును. ఉండును; కారణమును సులభమే. కారు చాలవరకు ఒకే కర్మాగారమున యంత్రముల అచ్చులో వేలకొలది తయారగును. గృహశకటమునకు ఇంజను, చట్రము ఒకరివి, ఇంటిభాగము వేరొకరిది, హీటరు, ఫ్రిజ్, నీటిపంపు ఇంకను వేరేవారివి. వీనిని చాలవరకు చేతిపనితో కూర్చుదురు. పైగా ఇది దారిపై ప్రతిదినము భూకంపమునకు గురియగు ఇల్లు. మరలు వదులగును, అతుకులు విచ్చును. హామీపత్రములు కూడ చట్రమునకు ఒకటి, ఇంటిభాగమునకు ఒకటి వేరువేరుగా ఉండును.

అందుచేత సిద్ధపాటు ఇంటివద్దనే ప్రారంభము కావలెను. బండి నిలుపు చోటును టేపుతో కొలువవలెను. స్వాధీనమైన క్షణమునుండి అమలగునట్లు బీమా చేయవలెను. యజమాని పుస్తకమును ముందుగా తెప్పించుకొని చదివి, సందేహములను నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. విక్రేతను ముందురోజుననే ఫ్రిజ్ నడిపించి, నీళ్ళతొట్టి నింపి, గ్యాసు అమర్చి యుంచుడని కోరవలెను. ఖాళీతొట్టి ఏనాడును కారదు; కారుట చూడవలెనన్న నీరు ఉండవలెను.

ఆనాడు ఉదయమే, తీరికగా, ఇద్దరు పోవుట మంచిది. ఒకరు విని, ఒకరు వ్రాసికొనవచ్చును. మాసిన బట్టలు కట్టుకొనవలెను. బండి క్రిందికి దూరి చూచుట కూడ పనిలో భాగమే. ప్రతి కిటికీ, ప్రతి సొరుగు, ప్రతి దీపము తెరచి మూసి చూడవలెను. పైకప్పు అతుకులలో తడి జాడ వెదకవలెను; ఈ బండ్లకు పరమశత్రువు చెమ్మయే. టైరు ప్రక్కన నాలుగంకెలు ఉండును. 1224 అని ఉన్నచో అది 2024వ సంవత్సరము 12వ వారమున తయారైనదని అర్థము. చక్రపు బోల్టులను కొంతదూరము నడచిన పిమ్మట మరల బిగింపవలెను. ఎంతదూరమునకో అడిగి వ్రాసికొనవలెను. బండి ఎత్తును పెద్ద అక్షరములతో వ్రాసి చోదకుని ఎదుట అంటింపవలెను. వంతెన క్రిందికి వచ్చిన పిమ్మట అంకె జ్ఞాపకము చేసికొనుటకు వ్యవధి ఉండదు.

అన్నిటికంటె ముఖ్యము: విక్రేత మనిషి చకచక చేసి చూపుచుండగా తల యూపుచు నిలుచుండరాదు. ‘నేను చేయుదును, మీరు చూడుడు’ అనవలెను. హీటరు తాను వెలిగించి, మురుగుపాత్రను తాను ఊడదీసి, మరల తాను అమర్చవలెను. కనబడిన లోపములను వ్రాతలో పెట్టించి, ఎప్పటిలోగా సరిచేయుదురో వ్రాయించి, పిమ్మటనే సంతకము చేయవలెను. అంత పెద్ద సొమ్ము ఇచ్చినవాడు మొగమాటపడ నక్కరలేదు, కోపపడను నక్కరలేదు. మొదటి రెండు రాత్రులు దూరదేశమునకు పోక, విక్రేతకు సమీపముననే ఒక విడిదిలో గడుపుట అనుభవజ్ఞుల పద్ధతి. పగలు కనబడని లోపము రాత్రి కనబడును.

మనకు పాఠము

మనలో చాలమందిమి గృహశకటమును కొనము. అయినను ఆ దంపతులు ఒక్కదినమున నేర్చుకొను విద్య మన పాఠశాలలలోనికి రాదగినది. విద్యార్థులు తమ పుస్తకసంచిని తూచి, అందులో ఆనాడు తెరువని పుస్తకముల బరువెంతో వ్రాసి తేవచ్చును. ఇంటిలో ఒకదినము వాడిన నీటిని బిందెలతో లెక్కించవచ్చును. గ్యాసుబండ ఉన్న గదిలో గాలి క్రిందనుండి వెలుపలికి పోవు మార్గము ఉన్నదో లేదో చూచి రావచ్చును. తులాదండము, మరుగు స్థానము, వాట్ గంట అను మాటలు అప్పుడు పరీక్షపత్రము దాటి ఇంటిలోనికి అడుగుపెట్టును.

ధనమిచ్చినంతనే వస్తువు మన యింటికి వచ్చును గాని మనదైపోదు. దానిలో నిప్పు ఎక్కడ ఉన్నదో, నీరు ఎటు పోవునో, అది ఎంత మోయగలదో తెలిసికొన్ననాడే అది మనదగును. చక్రములున్న ఇంటికిని, లేని ఇంటికిని గృహప్రవేశమునకు ముందు జరుపవలసిన విధి ఇదియే.