తొక్కితే అందుకోని కారు

పూర్తిగా ఆగిపోయిన కారుతో పేచీ లేదు. నలుగురు చెయ్యేస్తే పక్కకు తోసుకోవచ్చు. కాలు నొక్కినప్పుడు ఒకసారి అందుకుని, మరొకసారి అందుకోని కారుతోనే అసలు భయం. ముందున్న లారీని దాటబోయే వేళ ఒక్క క్షణం జంకిందంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఈ జంకుకు కారణాలు అనేకం. వాటిలో అందరూ ముందుగా అనుమానించేదీ, తరచు అన్యాయంగా మార్పించేసేదీ అగ్గిపెట్టెంత వస్తువు ఒకటుంది. దాని పేరు థ్రాటిల్ పొజిషన్ సెన్సార్.

కార్బొరేటర్ల కాలంలో దీని అవసరం పెద్దగా లేదు. 2000 నుంచి మన దేశంలో పొగ నిబంధనలు బిగిసేకొద్దీ పెట్రోలు కార్లలో ఇంజెక్షన్ పద్ధతి స్థిరపడింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 వచ్చాక మోటారు సైకిళ్ళదీ, స్కూటర్లదీ అదే దారి అయింది. ఇంజనులోకి గాలి పోయే గొట్టంలో చిన్న పళ్ళెం లాంటి మూత ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కితే అది తెరుచుకుంటుంది. ఎంత తెరుచుకున్నదీ కంప్యూటరుకు చెప్పేది ఈ సెన్సారే. ఆ కబురును బట్టే పెట్రోలు ఎంత చల్లాలో కంప్యూటరు సరిచూసుకుంటుంది.

మన ఇళ్ళల్లో పాత రేడియోకు సౌండు పెంచే మర ఉండేది, గుర్తుందా? సూత్రం అదే. సెన్సారుకు 3 తీగలు. ఒకదాని గుండా కంప్యూటరు నుంచి 5 వోల్టులు వస్తాయి, ఒకటి ఎర్తు, మూడవది కబురు మోసే తీగ. మూత మూసి ఉంటే మూడవ తీగలో సుమారు అర వోల్టు, పూర్తిగా తెరిస్తే నాలుగున్నర దాకా ఉండాలి. రేడియో మర అరిగితే తిప్పినప్పుడు కరకరలాడేది కదా, ఇక్కడా లోపలి పట్టీ అరిగితే అంతే. రోజూ ఏ వేగంలో ఎక్కువగా నడుపుతామో ఆ చోటే ముందు అరుగుతుంది. అక్కడికి వచ్చేసరికి వోల్టేజి ఒక్కసారి పడిపోయి కారు కుదుపు ఇస్తుంది.

మా బావమరిది కారుకు ఈ జబ్బే వచ్చిందన్నారు. బరంపురంలో ఒక పెద్ద వర్క్‌షాపులో స్కానర్ తగిలిస్తే పి 0122 అనే నంబరు చూపించింది. సెన్సారు మార్చారు. వారం తిరక్కుండా తప్తపాణి ఘాటీ ఎక్కుతుండగా, పిల్లలు వెనక సీట్లో ఉండగా, మళ్ళీ అదే కుదుపు. వెనక బస్సు హారను మోగిస్తూనే ఉందట. ఈసారి వర్క్‌షాపు వారు థ్రాటిల్ మొత్తం మార్చాలన్నారు. ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

“బావగారూ, మీరు లెక్కలు చూసేవారు. ఈ ఎస్టిమేటు కొంచెం చూడండి” అన్నాడు.

నేను ఎస్టిమేటు కంటే ముందు ఆ నంబరు చూశాను. పి 0122 అంటే కబురు తీగలో వోల్టేజి ఉండవలసినదానికంటే తక్కువగా ఉందని మాత్రమే. సెన్సారు చెడిందని కాదు. సాయంత్రం కౌంటరులో క్యాష్ తక్కువ వచ్చిందంటే తక్కువ వచ్చిందనే అర్థం. క్యాషియరు దొంగ అని కాదు, ముందు వోచర్లు చూడాలి. పి 0123 అయితే వోల్టేజి ఎక్కువ. ఎర్తు తీగ తెగినా అదే వస్తుంది. పి 0121 అయితే వోల్టేజి హద్దులోనే ఉంది గాని మిగతా లెక్కలతో పొసగడం లేదని. పట్టీ అరగడం, మూతకు మసి పట్టి అంటుకోవడం వంటివి ఇందులోకి వస్తాయి.

మా పేటలో ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు. షెడ్డుకు బోర్డు కూడా లేదు. ఆయన తాళం తిప్పి, ఇంజను స్టార్టు చెయ్యకుండా, ముల్లు మీటరు నల్ల తీగను బ్యాటరీ మైనస్‌కు పెట్టాడు. ఎర్ర తీగకు గుండుసూది కట్టి కనెక్టరు వెనక నుంచి దూర్చాడు. తీగ తొడుగును పొడవకూడదట, ఆ కన్నంలో చెమ్మ చేరుతుంది. పెడల్ మెల్లగా నొక్కించాడు. ముల్లు ఎక్కడా తడబడకుండా అర వోల్టు నుంచి నాలుగు దాటింది. అంకెల మీటరు కంటే ముల్లు మీటరే దీనికి మేలు, చిన్న తడబాటు కూడా కంటికి కనిపిస్తుంది.

“సెన్సారు బానే ఉంది బాబూ. ఇప్పుడు చూడండి” అని తీగల కట్టను పట్టుకుని ఊపాడు. ముల్లు సున్నాకు పడింది. 5 వోల్టుల తీగ మీద చూస్తే అక్కడా సున్నాయే. ఒక ఇనుప క్లిప్పు దగ్గర తొడుగు ఒరుసుకుపోయి, లోపలి రాగి పచ్చబడి, రెండు మూడు పోగుల మీద వేలాడుతోంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది వింత కాదు. ఎలుకలు కొరికినా ఇదే వరస. ఆ ముక్క కోసి, కొత్త తీగ అతికి, తొడుగు వేశాడు. ఎస్టిమేటు కాగితం నా దగ్గరే ఉండిపోయింది.

ఇదంతా యాక్సిలరేటర్‌కు కేబుల్ ఉన్న బళ్ళ సంగతి. ఈమధ్య కార్లలో కేబుల్ లేదు, మూతను చిన్న మోటారు తిప్పుతుంది. వాటిలో ఒకటికి రెండు సెన్సార్లు ఉంటాయి. రెండింటి లెక్క కలవకపోతే కంప్యూటరు ఇంజను బలం తగ్గించి మెల్లగా మాత్రమే నడవనిస్తుంది. ఇలాంటి కారులో తాళం తిప్పి ఉండగా మూత దగ్గర వేలు పెట్టరాదు, మోటారు ఒక్కసారిగా మూస్తే నలిగిపోతుంది. చాలా బళ్ళలో సెన్సారు విడిగా దొరకదు, థ్రాటిల్ మొత్తం కొనవలసిందే. బిగించాక మూసిన స్థానం ఏదో కంప్యూటరుకు స్కానరుతో నేర్పించాలి. ఆ పని మరిచిపోతే కొత్తది వేసినా సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోతూనే ఉంటుంది.