సంతకం ఎవరి దగ్గర ఉండాలి?

సారపాకలో ఐటీసీ పేపర్ మిల్లు 1979 నుంచి నడుస్తోంది. జామాయిల్, సుబాబుల్ కర్ర గుజ్జయి, మిషన్ మీద కాగితమై పరుగెడుతుంది. ఇలాంటి మిషన్ల మీద కాగితం బరువును, తేమను స్కానర్లు అది నడుస్తుండగానే కొలుస్తాయి. తేడా వస్తే అక్కడికక్కడే సరిచేస్తారు. రీలంతా చుట్టేశాక తప్పు బయటపడితే టన్నులకొద్దీ కాగితం మళ్లీ గుజ్జులోకే పోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో మాత్రం అజమాయిషీ అంటే చాలాచోట్ల చివరి సంతకమే. నెలల తరబడి కోడ్ రాశాక భద్రత వాళ్లు, ఆడిట్ వాళ్లు ఒకరి తర్వాత ఒకరు చూస్తారు. ఈలోగా పని ఫైళ్లలో పడి ఉంటుంది. ఇలాంటి వృథాను తగ్గించేందుకు టొయోటాలో తైచి ఓనో తీర్చిదిద్దిన పద్ధతే తర్వాత ‘లీన్’గా పేరుపడింది. దాన్ని మేరీ, టామ్ పాపెన్‌డీక్ దంపతులు 2003లో తమ పుస్తకంతో సాఫ్ట్‌వేర్‌కు అన్వయించారు. సగంలో ఆగిన పని, చేతులు మారడం, ఎదురుచూపు: ఇవన్నీ వాళ్ల లెక్కలో వృథాయే.

ఈ వృథా ఎలా ఉంటుందో తెలంగాణ రైతుకు ధరణి చూపించింది. 2020 అక్టోబరులో మొదలైన ఆ భూ రికార్డుల పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట అయిపోయేవి. అది నిజంగా మంచి మార్పు. కానీ పాసుపుస్తకంలో పేరో విస్తీర్ణమో తప్పుపడితే, రికార్డు తెలిసిన తహసీల్దారు దిద్దలేకపోయేవాడు. దరఖాస్తు కలెక్టర్ లాగిన్‌కు వెళ్లాల్సి వచ్చేది. జిల్లా మొత్తం తప్పులు ఒక్క బల్ల మీదికి చేరితే పెండింగ్ పెరగక ఏమవుతుంది? నా దృష్టిలో అది కోడ్ లోపం కన్నా ముందు అధికారాల అమరికలోని లోపం.

2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ముందుగా అమలు చేసిన నాలుగు మండలాల్లో ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. ఒకేసారి రాష్ట్రమంతా మోపకుండా కొద్దిచోట్ల నడిపి చూడటం లీన్ దారే. దిద్దుబాటు అధికారాలు కొన్ని తహసీల్దారు, ఆర్డీఓ స్థాయికి దిగాయి, పైన అప్పీలు ఉంది.

కింది వాడికి అధికారమిస్తే అక్రమాలు పెరగవా అన్న భయం న్యాయమైనదే. అందుకు ఇంకో సంతకం చేర్చడం కన్నా ప్రతి మార్పూ ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం చూసి చేశారో చెరిగిపోకుండా నమోదుచేసి రైతుకు తెర మీద కనిపించేలా పెట్టడం మేలు. ఏ దరఖాస్తు ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఆగిందో కూడా అదే తెర మీద ఉండాలి.